దొంగ మడత పెడతాడా

బట్ట కింద పడితే మా నాయినకు ప్రాణం మీదికి వచ్చేది. అన్నం ముద్ద కింద పడ్డా అంత ఇదయ్యేవాడు కాదు. పోచంపల్లి పక్కన ఒక పల్లెలో, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పెరిగిన మనిషి. మగ్గం మీది బట్టకు పొరపాటున కాలు తగిలితే, కళ్ళకద్దుకునేదాకా మా నానమ్మ కదలనిచ్చేది కాదట. మగ్గం పోయినా ఆ అలవాటు పోలేదు. మేము ఎల్బీనగర్‌లో ఒక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. దండెం మీది తువ్వాలు గాలికి కింద పడితే, అన్నం తింటున్నవాడు లేచి వెళ్ళి ఎడమచేత్తో తీసి, దులిపి, మడిచి పెట్టి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. "కంచం ముంగటికెల్లి లేవొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?" అని అమ్మ అరిస్తే, "కంచం ఏడికన్న ఉరుకుతదా?" అనేవాడు.

చిన్నప్పుడు నాకు అదొక ఆట. కావాలనే నా చున్నీ కింద పడేసి ఆయన ఎంతసేపు ఓర్చుకుంటాడో చూసేదాన్ని. ఎంతోసేపు ఓర్చుకునేవాడు కాదు. "నీకు దండం వెడ్త బిడ్డ, గది నేసినోడు ఎవడో నడుము వడగొట్టుకున్నడు" అంటూ తీసి నా భుజం మీద వేసేవాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో ఆయన సేల్స్‌మన్. తెల్లటి పరుపు మీద కూర్చుని పొద్దంతా చీరలు విప్పడం, మడత పెట్టడం. ఆడవాళ్ళు గుట్టలకొద్దీ విప్పించుకుని, ఏదీ నచ్చలేదని లేచిపోతే మిగతా సేల్స్‌మన్‌లు లోలోపల తిట్టుకునేవారు. నాయినకు మాత్రం అసలు పని అప్పుడే మొదలైనట్టు ఉండేది. అంచుకు అంచు కలిపి, కొంగు పైకి కనబడేలా మడిచి, అరచేత్తో ఒక్కసారి నిమిరి పక్కన పెట్టేవాడు. "నేసుడు ఎట్లనో పాయె, గీ మడతన్న మిగిలింది" అనేవాడు. ఆ మాటలో బాధ ఉందని నాకు చాలాకాలం తెలియలేదు.

అవి తెలంగాణ కోసం ఊళ్ళకు ఊళ్ళు రోడ్డెక్కిన రోజులు. నేను డిగ్రీ చదువుతున్నాను. ర్యాలీ అంటే చాలు, క్లాసు ఎగ్గొట్టి ముందు వరుసలో ఉండేదాన్ని. గొంతు బొంగురు పోయి ఇంటికొస్తే నాయిన మిరియాలు నూరి పాలల్లో వేసి ఇచ్చేవాడు. ఆయన ఎన్నడూ నినాదం ఇచ్చిన మనిషి కాదు. "రావాలె. వస్తే మంచిదే. కానీ ఎవల్ని ఏమనకుండ్రి, అందరు బతకనీకె వచ్చినోళ్ళే" అనేవాడు. నాకు ఆ మాట చప్పగా ఉండేది.

ఆ రోజు బంద్ కాదు. బంద్ అయినా బాగుండేది, అందరూ షట్టర్లు దించుకుని ఇళ్ళల్లో ఉండేవారు. మామూలుగా తెరిచిన రోజు. మధ్యాహ్నం పోలీసులు ఒక హాస్టల్లోకి దూరి పిల్లలను కొట్టారని వార్త పాకింది. నిజమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. కాసేపట్లో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా విద్యార్థులే. రాళ్ళు పడ్డాయి, టియర్ గ్యాస్ పేలింది. నేను అప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో ఉన్నాను. కళ్ళు మండుతూ పరుగెత్తుకొస్తున్న వాళ్ళను చూసి నేనూ ఇంటికి పరుగెత్తాను.

ఇక్కడి నుంచి నేను చెప్పేది నాయిన నోట విన్నదే. వాళ్ళ సేటు షట్టర్ దించి అందరినీ ఇళ్ళకు పొమ్మన్నాడు. బస్సులు లేవు. నాయిన ఇంటివైపు నడక మొదలుపెట్టాడు. కొంతదూరం వచ్చాక రోడ్డు పక్కన ఒక పెద్ద చీరల దుకాణం. ఆంధ్ర నుంచి వచ్చి ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే వ్యాపారం చేసుకుంటున్న ఆయనది. వాళ్ళ షట్టర్ సగంలో ఇరుక్కుపోయింది, అద్దాలు భళ్ళున పగిలాయి. "రాళ్ళేసినోళ్ళు వేరే బిడ్డ, లోపటికి దూరినోళ్ళు వేరే" అని నాయిన ఎప్పుడు చెప్పినా ఈ ముక్క విడిచిపెట్టేవాడు కాదు. రాళ్ళు వేసినవాళ్ళు అరుచుకుంటూ ముందుకు పోయారట. లోపలికి దూరినవాళ్ళు మాత్రం నోరు మెదపలేదట.

చేతికందినన్ని చీరలు ఎత్తుకుని వాళ్ళు బయటికి వచ్చేసరికి మలక్‌పేట వైపు నుంచి పోలీసులు లాఠీలతో దిగారు. దోచుకున్నవాళ్ళు, ఊరికే చూస్తున్నవాళ్ళు, ఇంటికి పోతున్నవాళ్ళు అందరూ ఒక్కటై పరుగు తీశారు. ఎత్తుకున్నవాటిలో సగం రోడ్డు మీదే పడిపోయాయి. వాటి మీద నుంచే చెప్పుల కాళ్ళతో, బూట్ల కాళ్ళతో జనం ఉరుకుతున్నారు. ఆ సమయంలో బుద్ధి ఉన్నవాడెవడైనా పరుగెత్తుతాడు. మా నాయిన వంగాడు.

తెల్లటి పట్టుచీర ఒకటి రోడ్డుకు అడ్డంగా విప్పుకుని పడి ఉందట. దాన్ని తీసి, దులిపి, మడిచి దుకాణం మెట్టు మీద పెట్టాడు. ఇంకొకటి తీశాడు. మెట్ల నిండా అద్దం పెంకులు ఉండటంతో చీరలు కోసుకుపోతాయని మడిచినవాటిని భుజం మీద వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరో ఎదురు మేడ మీద నుంచి కెమెరా పట్టుకుని ఉన్నారు. పగిలిన దుకాణం ముందు, భుజం నిండా చీరలతో, ఇంకో చీర కోసం వంగుతున్న మా నాయిన ఆ కెమెరాలో పడ్డాడు.

లాఠీ దెబ్బ మణికట్టు మీద పడింది. "ఇడిసిపెట్టరా" అని ఆ కానిస్టేబుల్ అరిచాడట. నాయిన విడవలేదు. "చేతుల చీర ఉండె బిడ్డ. ఇడిస్తె కింద వడ్తది గదా అని ఇడువలే. గందుకే ఇంకోటి వడ్డది" అని తర్వాత చెప్పాడు. చెబుతూ ఆ కానిస్టేబుల్‌ను ఒక్క మాట అనలేదు. నేను అన్నాను, నోటికొచ్చినంతా అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా నా ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం పక్కింటామె గోడ మీద నుంచి కేకేసింది. "అక్కా, మీ ఆయన టీవీల వస్తున్నడు!" అప్పటికి నాయిన ఏమయ్యాడో తెలియక అమ్మ వాకిట్లోనే తిరుగుతోంది. ఆ కేక విని ఆమె మొహం వెలిగిపోయింది. "అమ్మయ్య, పానంతోని ఉన్నడు" అంటూ లోపలికి ఉరికి టీవీ పెట్టింది. ఆ సంతోషం ఎంతసేపు? తెర మీద ఎర్రటి అక్షరాలు చదివేంతసేపు. అమ్మకు చదువు రాదు. "ఏం రాసిండ్రే?" అని నన్ను అడిగింది. దోపిడీ దొంగలు అని రాశారు. నేను చెప్పలేకపోయాను.

తెర మీద కింద నాయిన, పైన ముగ్గురు పెద్దమనుషులు. ఒకాయన బల్ల గుద్ది, ఉద్యమం ముసుగులో జరుగుతున్నది ఇదేనని అన్నాడు. ఇంకొకాయన ఆవేశంగా, ఆ మనిషి మావాడు కానేకాదు, ఉద్యమాన్ని బద్నాం చేయడానికి ఎవరో పంపిన కిరాయి మనిషి అన్నాడు. మూడో ఆయన పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాడట, పోలీసులు ఎంతో సంయమనం పాటించారని మెచ్చుకున్నాడు. వాళ్ళు అరుచుకుంటున్నంతసేపూ నాయిన వంగడం, లేవడం, వంగడం. లాఠీ దాకా రాకముందే ఆ బొమ్మ తెగిపోయి మళ్ళీ మొదటికొచ్చేది. ఆయన చేతులు ఏం చేస్తున్నాయో ఆ ముగ్గురిలో ఒక్కడూ చూడలేదు. చీరను అంచుకు అంచు కలిపి మడత పెడుతున్నాడయ్యా, కళ్ళు కనబడవా మీకు అని నేను టీవీతో గొడవపడ్డాను. పక్కింటామె నా వైపు జాలిగా చూసి, "నిప్పు లేంది పొగ రాదంటరు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మా సందులో ఉద్యమ కమిటీకి పెద్దగా తిరిగే ఒకాయన ఉండేవాడు. నాయినతో కలిసి చాయ్ తాగేవాడు, నన్ను ర్యాలీలకు పిలిచేదీ ఆయనే. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. "అన్నా, నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు, ఆయన గసొంటోడు గాదని" అంది. ఆయన తల దించుకున్నాడు. "నాకు తెల్వదా అక్కా, ఆయన ఎసొంటోడో! కానీ గిప్పుడు నేను మావోడని వోయి నిలవడ్డననుకో, మొత్తం ఉద్యమానికే మచ్చ వస్తది. జర చల్లారనీ. నిజం నిలకడ మీద తెలుస్తది" అన్నాడు. అంతదాకా నేను ఎవరి వెనక నడిచానో ఆ మనిషిని నేను ఆ గడపలో నిలబడి మొదటిసారి చూసినట్టనిపించింది.

పట్టుకున్నవాళ్ళందరినీ స్టేషన్‌లో పెట్టారని తెలిసి తెల్లారి అక్కడికి వెళ్ళాం. నాయిన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచేయి వాచి మణికట్టు ఎక్కడుందో తెలియడం లేదు. అమ్మను చూసి మొదట ఆయన అన్న మాట, "నేను దియ్యలేదే." అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎస్సై కేకలు వేసే రకం కాదు. రాత్రంతా ఆయన కూడా నిద్రపోయినట్టు లేడు. "చూడమ్మా, చేతిల మాల్ దొరికింది, వీడియో ఉంది. ఇంకేం చెప్పమంటవ్?" అన్నాడు నాతో.

నాయిన గోడ పట్టుకుని లేచాడు. "సార్, మడత వెట్టిన సార్. దొంగ మడత వెడ్తడా?"

ఎస్సై బీరువా వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత పక్కనున్న కానిస్టేబుళ్ళు నవ్వారు, ఆయనా నవ్వేశాడు. బీరువా పక్కన బల్ల మీద ఆ చీరలు పెట్టి ఉన్నాయి. నేను చూశాను. కొన్నింటికి మట్టి ఉంది, ఒకదాని అంచు మీద బూటు ముద్ర ఉంది. కానీ ప్రతి ఒక్కటీ కొంగు పైకి కనబడేలా మడిచి ఉంది. వాటిని చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇవి చూస్తే దుకాణం ఆయనకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను.

ఆయన దగ్గరికి పరుగెత్తాను. దుకాణం ముందు అద్దం పెంకులు ఊడ్పిస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చెప్పింది ఆసాంతం విన్నాడు. "మా పిల్లలు ఇక్కడే పుట్టారమ్మా. ఈ రోడ్డు మీదే సైకిల్ తొక్కడం నేర్చుకున్నారు. నిన్న ఇదే రోడ్డు మీద నుంచి నా దుకాణంలోకి రాళ్ళు వచ్చాయి. ఎవరిని నమ్మమంటావు?" అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. "నన్ను నమ్మొద్దు సార్. స్టేషన్‌కొచ్చి మీ చీరలు చూడండి, అంతే" అన్నాను.

వచ్చాడు. బల్ల దగ్గర నిలబడి పై చీర చేతిలోకి తీసుకున్నాడు. మడత విప్పలేదు, అంచు వెంబడి వేలు పోనిచ్చాడు. కింది చీర చూశాడు, దాని కిందిది చూశాడు. తల తిప్పి నాయిన వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకు అర్థమైంది. ఇక ఒక్క మాటే కదా, అనేస్తాడు అనుకున్నాను.

ఆయన ఎస్సై వైపు చూశాడు, వాచిన చెయ్యి వైపు చూశాడు, మళ్ళీ ఎస్సై వైపు చూశాడు. నాయిన దొంగ కాదంటే ఆ చెయ్యి ఎవరు విరగ్గొట్టారు, ఎందుకు విరగ్గొట్టారు అన్న ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్న లేపి ఆ స్టేషన్ పరిధిలో ఆయన రేపు మళ్ళీ దుకాణం తెరవాలి. నాకు ఆయన కష్టం అర్థం కాక కాదు. అర్థమైనంత మాత్రాన కడుపుమంట తగ్గుతుందా?

"వదిలేయండి సార్. పేదోడు, ఏదో ఆశపడ్డాడు. నాకు కంప్లైంటేమీ లేదు. నేను క్షమించేశాను" అన్నాడు.

ఎస్సై బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. "విన్నవా? పెద్దమనిషి కాబట్టి ఇడిసిపెట్టిండు. కేసు లేదు, ఏం లేదు. పో" అన్నాడు. నాయిన కదలలేదు. "నేను ఆశపడలే సార్" అన్నాడు. "మీరు క్షమించుడేంది? నేను దియ్యలే అని చెప్పుండ్రి. గంతే చెప్పుండ్రి, నేను వోత." దుకాణం ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎస్సైకి ఈసారి చిరాకొచ్చింది. వదిలేస్తున్నా పోను అనే మనిషిని ఆయన అంతకుముందు చూసి ఉండడు. అమ్మ నాయిన మంచి చెయ్యి పట్టుకుని గుంజింది. "పాయె, నీ మాట పాయె. పానమన్న మిగిలింది, నడువ్!" ఏడుస్తూ ఆమె గుంజుతుంటే, గడప దాటేదాకా ఆయన వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

దవాఖానలో కట్టు కట్టారు. ఒక రాత్రంతా విరిగిన చెయ్యి వాచిపోయి ఉండటం వల్లనేమో, ఎముక వంకరగా అతుక్కుంది. నాయిన పనిచేసే దుకాణం సేటు చెడ్డవాడేం కాదు, కానీ కస్టమర్లు గుర్తుపడుతున్నారని, కొన్నాళ్ళు రావద్దని అన్నాడు. ఆ కొన్నాళ్ళు అయిపోలేదు. బంధువులు పరామర్శకు వచ్చి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? నీకెందుకయ్యా గవన్ని?" అని బుద్ధులు చెప్పి చాయ్ తాగి పోయేవారు. తర్వాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరే పనికి కుదిరాడు. పచ్చివి ఒకవైపు, పండినవి ఒకవైపు, చెడినవి ఇంకోవైపు. ఎడమచేత్తో చేసేవాడు.

ఆయనను తినేసింది చెయ్యి కాదు. టీవీలో ఎక్కడ ఏ గొడవ మీద చర్చ జరిగినా, లూటీలు అన్న మాట వినబడితే చాలు, చివరిదాకా కూర్చుని చూసేవాడు. అమ్మ ఆపేయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఉండనియ్యే. ఎవడన్న ఒకడు అడుగుతడేమో. గా ముసలోడు గవి ఎందుకు మడత వెడ్తున్నడు అని ఒక్కడన్న అడుగుతడేమో" అనేవాడు. ఎవడూ అడగలేదు. వాళ్ళు అరుచుకుని, నమస్కారాలు పెట్టుకుని వెళ్ళిపోయేవారు. మా నాయిన లేచి, తినకుండానే పడుకునేవాడు.

తెలంగాణ వచ్చింది. మా సందు సందంతా రంగులు చల్లుకుంది. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధమెందుకు? కొన్నాళ్ళకు మా కమిటీ పెద్దాయన నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళకు శాలువాలు కప్పుతున్నారట. "నీ పేరు నేనే చెప్పిన అన్నా. చెయ్యి ఇరగ్గొట్టించుకున్నోనివి, నీకు గాక ఎవలికి?" అన్నాడు. అప్పుడు మావాడని చెప్పనన్న నోటితోనే ఇప్పుడు మావాడు అంటున్నాడు. చీపురు తిరగేద్దామని నాకనిపించింది. నాయిన మాత్రం మెల్లగా అన్నాడు. "నేను ఉద్యమంల దెబ్బలు తినలే తమ్మీ. చీరల కాడ తిన్న. నాకు శాలువ వద్దు. నేను దొంగను గానని గా మైకుల చెప్తవా?" ఆయన నవ్వు ఆగిపోయింది. అది అక్కడ చెప్పే సందర్భం కాదన్నాడు. ఆ సందర్భం నాయిన బతికుండగా రాలేదు.

జ్వరం అనుకున్నది ఊపిరితిత్తులకు పాకి ఆయన పోయాడు. చివరి రోజుల్లో కూడా కప్పిన దుప్పటి జారితే ఆ వంకర చేత్తో పైకి లాక్కునేవాడు. నాతో చెప్పుకున్న ఆఖరి మాటల్లో ఒకటి, "మీ అత్తగారింట్ల ఎవలన్న అడిగితే ఏం జెప్తవ్ బిడ్డ?" అని. అడిగినవాళ్ళందరికీ చెప్పాను. నమ్మినవాళ్ళు నమ్మారు. మిగతావాళ్ళు తలూపి మాట మార్చారు.

ఈ మధ్య ఎక్కడో ఇంకో నగరంలో గొడవలు జరిగాయి. బస్సులు తగలబడ్డాయి, దుకాణాలు పగిలాయి. నేను అమ్మను చూడటానికి ఎల్బీనగర్ వెళ్ళి ఉన్నాను. టీవీలో చర్చ. కొత్త మొహాలు, అవే మాటలు. ఒకాయన లూటీల గురించి గొంతు చించుకుంటున్నాడు, ఇంకొకాయన పోలీసుల మీద విరుచుకుపడుతున్నాడు. వాళ్ళ పక్కన పాత దృశ్యాలు వేస్తున్నారు. ఉన్నట్టుండి మా నాయిన వచ్చాడు. పగిలిన అద్దాలు, భుజం నిండా చీరలు. ఏ ఊరో, ఎప్పటిదో కూడా రాయలేదు.

నేను ఆపేద్దామని గబుక్కున రిమోట్ అందుకున్నాను. మా ఇంట్లో ఆయన నడిచే బొమ్మ, కదిలే బొమ్మ ఏదీ లేదు. పెళ్ళి ఫొటో ఒకటి, రేషన్ కార్డు ఫొటో ఒకటి, అంతే. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. అమ్మకు నాకంటే ముందే తట్టింది. వచ్చి టీవీకి ఎదురుగా, చాలా దగ్గరగా కూర్చుంది.

"ఆపకు. నీ కాళ్ళు మొక్కుత, ఆపకు. జర చూడనీ."

చర్చ జరిగినంతసేపూ ఆయనను మళ్ళీ మళ్ళీ వేశారు. వంగాడు, తీశాడు, దులిపాడు, మడిచాడు. వాళ్ళేం మాట్లాడారో మేమిద్దరం వినలేదు. ఆఖరికి యాంకర్ నమస్కారం పెట్టాక ప్రకటనలు వచ్చాయి. అమ్మ కళ్ళు తుడుచుకోలేదు, తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"అయిపాయెనా?" అంది. "ఇంకో చానల్ వెట్టు బిడ్డ, అండ్ల గూడ వస్తడేమో."